అత్త ఫ్రిజ్, పెదనాయన కూలర్, నా ఫీజు

ఆ రోజుల్లో మా వాడలో ఎవరింటి వస్తువు ఎవరింట్లో ఉందో ఆ ఇంటివాళ్లకు కూడా సరిగ్గా తెలిసేది కాదు. చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఉంది మా ఊరు. ఎవరికైనా పట్నం నుంచి చుట్టం వస్తున్నాడని తెలిస్తే చాలు, ఒకరి ప్లాస్టిక్ కుర్చీలు, ఒకరి పూల దుప్పటి, ఇంకొకరి స్టీలు గ్లాసులు పొద్దున్నే బయల్దేరి ఆ ఇంటికి చేరుకునేవి. చుట్టం తిని, ఓ కునుకు తీసి, బస్సెక్కాక మళ్లీ ఎవరింటికి అవి వెళ్లిపోయేవి. అడిగేవాళ్లకు సిగ్గు లేదు, ఇచ్చేవాళ్లకు విసుగు లేదు. కలిసిపోతే పోల్చుకోవడానికి స్టీలు సామాను మీద మాత్రం అందరం ఇంటిపేర్లు చెక్కించుకునేవాళ్లం. (ఈ పేర్ల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఈ ఇచ్చిపుచ్చుకునే అలవాటే ఒకసారి నా చదువును గంగలో కలిపినంత పని చేసింది.

అప్పుడే ఏడో తరగతి పాసయ్యాను. మా ఊరి బడి అంతటితో సరి. పెద్ద బడికి వెళ్లాలంటే వాగు దాటాలి, వానాకాలంలో ఆ వాగు ఎవరి మాటా వినదు. నాకంటే ముందు ఏడు పాసైన అక్కలందరూ ఒక్క వానాకాలంతోనే చదువు చాలించి పత్తి చేలల్లో తేలారు. గురుకులం పరీక్ష రాద్దామంటే సరిగ్గా ఆ వారమే నాకు అమ్మవారు పోసి, వేపాకుల మధ్య పడుకుని ఉన్నాను. ఇక మిగిలింది ఖమ్మంలో హాస్టలుతో సహా ఉన్న ఆడపిల్లల ప్రైవేటు బడి ఒక్కటే. పరీక్ష పెట్టారు, రాశాను, సీటొచ్చింది. ఫీజు ఎంతో చూసి నాయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బొగ్గు గనిలో కాంట్రాక్టు పని ఆయనది, నెలలో ఎన్ని రోజులు పని ఉంటుందో ఆయనకే తెలియదు. అయితే ఆ బడికి ఒక ట్రస్టు ఉందనీ, లేనివాళ్ల పిల్లలకు ఫీజు మొత్తం అదే కడుతుందనీ, కాకపోతే ముందు ఒక మేడం ఇంటికి వచ్చి వీళ్లు నిజంగా లేనివాళ్లేనా అని చూసి రాసుకుపోతుందనీ ఆఫీసులో చెప్పారు. ఆమెను చూడకముందే మేం ఆమెకు ఫీజు మేడం అని పేరు పెట్టేశాం.

నాయన గని దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు, ఆదివారానికి ఆదివారం వచ్చేవాడు. మేడం వచ్చేదేమో బుధవారం. ముందురోజు ఫోన్ చేసి, "ఇల్లు ఎట్లున్నదో అట్లనే ఉండనియ్యండ్రి. ఏం సర్దకుండ్రి. ఉన్నది చూస్తది, రాసుకుంటది, పోతది" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. ఫోన్ నాయనమ్మ చేతిలో ఉంది. "అవ్ బిడ్డా, అవ్" అని పెట్టేసి, అమ్మ వైపు తిరిగింది. "వానికేం ఎరుక? ఖమ్మం నుంచి ఆడమనిషి మనింటికి వస్తుంటే బోసి ఇల్లు చూపెడ్తమా? రేపు పిల్ల పోయి ఆ బడిల కూసుంటే, గీ పిల్ల ఇంట్ల కూసోనీకి కుర్చీ లేదని నలుగురు అనుకుంటే ఎవల ఇజ్జత్ పోతది?" అన్నది.

ఎవరేం అడిగినా నాయనమ్మ నోట 'లేదు' అన్న మాట అప్పటిదాకా నేను వినలేదు. ఎవరైనా ఉప్పు అడిగితే, మా డబ్బా అడుగంటి ఉన్నా సరే, "జర ఆగు, ఇప్పుడే ఇస్త" అని వెనక వాకిట్లోంచి పక్కింటికి పోయి తెచ్చి మరీ ఇచ్చే మనిషి. అమ్మ పాపం, "అత్తా, వాళ్లు చూసేదే మనం లేనోళ్లమా కాదా అని" అంటూ ఏదో చెప్పబోయింది. "అయితే లేనోళ్లమని మొకం మీద రాసుకొని కూసుందామా?" అన్నది నాయనమ్మ. తునికాకు కోతలు జోరుగా ఉన్న రోజులు, బీడీల ఆకు సీజను ఉండేదే కొద్ది రోజులు. బుధవారం తెల్లవారుతూనే అమ్మ అడవికి పోక తప్పదు. అలా ఇల్లంతా నాయనమ్మ చేతుల్లో పడింది.

పొద్దున ఏడింటికల్లా కూలర్ పెదనాయన తన కూలర్‌ను దొర్లించుకుంటూ వచ్చాడు. నాయనకు వరుసకు అన్న అవుతాడు. వాడలో కూలరున్నది ఆయన ఒక్కడికే, ఆ పేరు అందుకే. దాన్ని ఆయన పాడి బర్రెను చూసుకున్నట్టు చూసుకునేవాడు. "చిన్నమ్మా, నీళ్లు తక్కువైతే కూత పెడ్తది, జర చూసుకో" అని అప్పగింతలు పెట్టి, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లాడు. ఆ తర్వాత ఫ్రిజ్ అత్త ఇంటి నుంచి నలుగురు మనుషులు ఫ్రిజ్‌ను మోసుకొచ్చారు. ఒక్క పూట కోసం ఖాళీ చేయడం ఎందుకని లోపల అత్తవాళ్ల పాలు, టమాటలు, మామ షుగరు మందు సీసా అన్నీ అలాగే ఉంచేశారు. కుర్చీలు రెండిళ్ల నుంచి, గ్లాసులు, పళ్లేలు నాలుగిళ్ల నుంచి వచ్చాయి. అన్నీ సర్దాక నాయనమ్మ గుమ్మంలో నిలబడి మా ఇంటిని మా ఇల్లు కానట్టుగా చూసి మురిసిపోయింది.

అంతా నాయనమ్మ మీదికి తోసి నేను తప్పుకుంటే అది అన్యాయం. నేను మాత్రం తక్కువ తిన్నానా? ప్రైవేటు బడికి పోయే పిల్ల ప్రైవేటు బడికి పోయే పిల్లలాగే కనిపించాలని ఫ్రిజ్ అత్త కూతురి దగ్గర బంగారు బుట్టకమ్మలు అడిగి పెట్టుకున్నాను. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు. ఒక కమ్మ శీల వదులుగా ఉండటంతో ఆ పూటంతా తల తిప్పకుండా, అవసరమైతే మొత్తం మనిషినే తిప్పుతూ గడిపాను.

ఫీజు మేడం పదకొండింటికి ఆటో దిగింది. నేనేమో గట్టిగా మాట్లాడే పెద్ద ఆఫీసరమ్మను ఊహించుకున్నాను. తీరా చూస్తే చెమటకు తడిసిన నూలు చీర, చేతిలో గొడుగు, భుజాన సంచి, మధిర వైపు మెత్తటి మాట. "మామ్మగారూ, కాసిని మంచినీళ్లు ఇస్తారా అండీ?" అన్నది. ఆ గొంతులోని అలసట విని నాయనమ్మ పొంగిపోయింది. కుర్చీ వేసింది, కూలర్ తిప్పింది, ఫ్రిజ్ తలుపు అందరికీ కనబడేలా బార్లా తెరిచి చల్లటి నీళ్లు తీసి ఇచ్చింది. అప్పటికే అమ్మ అడవి నుంచి వచ్చి, కోసుకొచ్చిన ఆకంతా మంచం కిందికి తోసి, పూల దుప్పటిని నేల దాకా దించి, వంటింట్లో మా నాటుకోడిని కూర వండుతోంది. (ఆ పూట ఇంట్లో మాదనేది ఆ కోడి ఒక్కటే.)

మేడం నీళ్లు తాగి, సంచిలోంచి ఫారం తీసింది. ఒక్కో వస్తువు ఎదురుగా రెండు గళ్లు, ఒకటి 'ఉంది', ఇంకోటి 'లేదు'. నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను కాబట్టి నాకంతా కనబడుతోంది. కూలర్ ఉందా అని అడగాల్సిన పనే లేకపోయింది, ఆమె పైటచెంగు దాని గాలికి ఎగురుతూనే ఉంది. 'ఉంది' గడిలో టిక్కు. "ఫ్రిజ్ మీదేనా అండీ?" "ఉన్నది గద బిడ్డా, ఇంక జరన్ని నీళ్లు తాగు." టిక్కు. "పొలం ఏ మాత్రం ఉంటుంది?" "మా మామ ఉన్నప్పుడు ఆ కనపడే గుట్ట దాకా మనదే" అన్నది నాయనమ్మ చెయ్యి చాపి. ఆ తర్వాత అదంతా పోయి రెండెకరాల మెట్ట చెలక మిగిలిందని మాత్రం చెప్పలేదు. మేడం కిటికీలోంచి గుట్ట దాకా చూసి మరీ రాసుకుంది.

అప్పటిదాకా పండగలా ఉన్న నాకు అప్పుడు తెలిసొచ్చింది. టిక్కులన్నీ 'ఉంది' గళ్లలోనే వరసగా కిందికి దిగుతున్నాయి. ఆ వరస చివరిదాకా దిగిందంటే ట్రస్టు లేదు, ఫీజు లేదు, ఖమ్మం లేదు. నాకు మిగిలేది వాగు, దాని ఇవతల పత్తి చేను. నాయనమ్మకు సైగ చేశాను, కళ్లు పెద్దవి చేశాను, దగ్గాను. ఆమె నా పక్కకొచ్చి మేడం చూడకుండా నా చెయ్యి గిల్లి, "తిన్నగ నిలబడు" అన్నది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే ఫ్రిజ్ అత్త వచ్చింది. మామకు చాయ్ పెట్టే వేళైంది, పాలేమో ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఫ్రిజేమో మా ఇంట్లో ఉంది. అయినా ఆ మహాతల్లి పొరపాటున కూడా గుట్టు విప్పలేదు. గుమ్మం దగ్గర వినయంగా నిలబడి, "పెద్దమ్మా, మీ ఫ్రిజ్‌ల మా పాలు పెట్టిన గద, తీస్కపోనా?" అని అడిగింది. తన ఫ్రిజ్‌లోంచి తన పాలు తీసుకోవడానికి మా పర్మిషన్! నాయనమ్మ అంతకంటే పెద్ద మనసుతో, "తీస్కపో బిడ్డా, మొహమాటమెందుకు, నీ ఫ్రిజే అనుకో" అన్నది. అత్త మొహం చూడాలి ఆ క్షణాన. పాలగిన్నె తీసుకుంటూ నా చెవుల వైపు కూడా ఒక చూపు చూసి, కమ్మలు రెండూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని వెళ్లింది.

ఆమె అలా వెళ్లిందో లేదో కూలర్ కూత మొదలుపెట్టింది. నీళ్లు అయిపోయాయి. ఆ కూత నాలుగిళ్ల అవతలున్న పెదనాయనకు వినబడింది. బిడ్డ ఏడుపు విన్న తల్లి కూడా అంత వేగంగా రాదు. బకెట్ నిండా నీళ్లతో లోపలికి దూసుకొచ్చి, "నీళ్లు లేకుండ తిప్పుతే మోటర్ కాలదా!" అని అరిచి, అప్పుడు మేడంను చూశాడు. గతుక్కుమన్నాడు. అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషి, నోటికొచ్చింది అనేశాడు. "నేను... ఈళ్లింట్ల కూలర్‌ల నీళ్లు పోసెటోన్ని మేడం."

మేడం కనుబొమ్మలు పైకి లేచాయి. "కూలర్లో నీళ్లు పోయడానికి మనిషిని పెట్టుకున్నారా!" అంటూ కాగితం తిప్పింది. రెండో పేజీలో 'పనివాళ్లు' అని ఒక వరస ఉంది. 'ఉంది' గడిలో టిక్కు పడటం నా కళ్లారా చూశాను.

పెదనాయన కంగారులో కూలర్‌ను మంచం వైపు తిప్పి, నీళ్లు పోసి, స్పీడు పెంచాడు. ఆ గాలికి పూల దుప్పటి లేచింది. మంచం కింద దాచిన తునికాకులన్నీ గదంతా ఎగిరి, రెండు మేడం ఒళ్లో కూడా పడ్డాయి. ఆమె ఒక ఆకు తీసి చూసి, "ఇవేంటి మామ్మగారూ?" అన్నది. ఊరంతా బతికేదే ఆ ఆకు మీద. నాయనమ్మ ఆ ఆకును జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూసి, "ఏమో బిడ్డా, పిల్ల ఆడుకోనీకి తెచ్చుకున్నట్టుంది" అన్నది. పదమూడేళ్ల నేను మంచం నిండా ఆకులతో ఆడుకుంటానని మేడం నమ్మిందో లేదో గానీ, అది మాత్రం రాసుకోలేదు.

ఇంతలో అమ్మ అన్నానికి రమ్మంది. మేడం వద్దు వద్దంటూనే కూర్చుంది, కోడికూర వాసన అలాంటిది. నాలుగు ముద్దలు తిన్నాక నీళ్ల కోసం గ్లాసు ఎత్తి, దాని అంచు చూసి ఆగింది. పళ్లెం పక్కకు వంచి చూసింది. కూరగిన్నె తిప్పి చూసింది. గరిటె కూడా వదల్లేదు. "మామ్మగారూ, మీ ఇంటిపేరేంటండీ?" అన్నది. నాయనమ్మ గర్వంగా చెప్పింది. "మరి గ్లాసు మీద వేరే ఉందే? పళ్లెం మీద ఇంకో ఇంటిపేరు, గిన్నె మీద ఇంకోటి. ఈ గరిటైతే ఎవరో పెళ్లికి ఎవరికో ఇచ్చినట్టున్నారు." కడుపునిండా నీళ్లు తాగిన కూలర్ ఒక్కటే హాయిగా తిరుగుతోంది. "అందరు మనోళ్లే బిడ్డా" అన్నది నాయనమ్మ, గరిటెను తన వైపు లాక్కుంటూ.

మేడం ఎడమచేత్తో ఫారం దగ్గరికి లాక్కుంది. కోపం లేదు, నవ్వు కూడా లేదు. "మామ్మగారూ, నా కాగితంలో రెండు గళ్లే ఉన్నాయండీ. అడిగి తెచ్చుకున్నది అనే గడి లేదు. మీరు ఉందంటే నేను ఉందనే రాయాలి. అలా రాస్తే అమ్మాయికి ఫీజు రాదు. నేను చూసింది పక్కన పెట్టండి. మీ నోటితో మీరు చెప్పిందే రాస్తాను" అన్నది.

నాయనమ్మ అందరి వైపూ ఒకసారి చూసింది. వంటింటి గుమ్మంలో అమ్మ, బకెట్‌తో పెదనాయన, గోడకు అతుక్కుని నేను. ఆమె నా వైపు చూసింది. నేను తల తిప్పకుండా మొత్తం మనిషిని తిప్పి ఆమెను చూశాను. ఆమె పైట సర్దుకుని, మేడం ఎదురుగా నేల మీద కూర్చుంది.

"లేదు బిడ్డా" అన్నది. "ఫ్రిజ్ లేదు. కూలర్ లేదు. గీ కుర్చీలు లేవు. గుట్ట దాక భూమి ఎన్నడో పోయింది. పిల్ల చెవులకున్నయి కూడ మావి కావు. ఉన్నదంత ఒక్క కోడి." ఒక్క క్షణం ఆగి, మేడం పళ్లెంలోకి చూసి, "అది గూడ ఇప్పుడు లేదు" అన్నది.

మేడం నవ్వింది. అమ్మ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. 'లేదు' అన్న మాట అనకుండా ముసలితనం దాకా వచ్చిన మనిషి, నా కోసం దాన్ని ఒక్కసారే అన్నిసార్లు అన్నది. మేడం చెయ్యి కడుక్కుని పాత ఫారం చింపేసి కొత్తది తీసింది. ఈసారి టిక్కులు పక్క వరసలో దిగాయి. చివరికి అడిగింది, "పనివాళ్లు?" "నన్ను తీసెయ్యుండ్రి మేడం, నాకు జీతం గూడ ఇయ్యలే" అన్నాడు పెదనాయన. అప్పటికి నేను కూడా నవ్వాను, నవ్విన ఊపుకు కమ్మ ఊడి తునికాకుల్లో పడింది. ఫారం నింపడం ఆపి మేడంతో సహా అందరం ఆకులు ఏరుతూ దాన్ని వెతికాం. దొరికింది ఆమెకే.

వెళ్లేటప్పుడు నాయనమ్మ ఆమె సంచిలో ఒక స్టీలు డబ్బాడు మామిడికాయ తొక్కు పెట్టింది. ఆ డబ్బా కూడా ఫ్రిజ్ అత్తదే. అక్కడి నుంచి నాకు రెండు బెంగలు. కాగితం వస్తుందో రాదో అన్నది ఒకటి, "నా డబ్బా ఏదే?" అని రోజూ గుమ్మంలోకి వచ్చి అడిగే అత్తకు ఏం చెప్పాలన్నది ఇంకోటి. అన్నీ చూశాక కూడా పైవాళ్లు కాదంటే? మొదట చేసిన వేషాలు వాళ్ల చెవిన పడితే? బళ్లు తెరిచే రోజు దగ్గరికొచ్చింది, తొలకరి పడి వాగులో నీళ్లు కదిలాయి. నేను వాగు వైపు చూడటమే మానేశాను.

ఒక ఆదివారం నాయన ఖమ్మం మీదుగా ఇంటికి వచ్చాడు. "బడికి పిలిస్తే పోయిన. ఆ మేడం గిది ఇచ్చి, ఇంటికి పోయినంక మా అమ్మనే తియ్యమనిండ్రు" అంటూ సంచిలోంచి అత్త డబ్బా తీశాడు. నాయనమ్మ మూత తీసింది. లోపల బెల్లం సున్నుండలు, వాటి మీద ప్లాస్టిక్ కవర్లో మడిచిన కాగితం. పై చదువు అయ్యేదాకా ఫీజు, హాస్టలు అంతా ట్రస్టుదే అని ఉంది. కింద మేడం చేతిరాతతో ఒక ముక్క: 'డబ్బా ఖాళీగా పంపకూడదు కదా మామ్మగారూ.' నాయన దాన్ని రెండుసార్లు చదివాడు. నెలరోజులుగా బిగబట్టుకున్న ఊపిరి ఇంటిల్లిపాదీ ఒకేసారి వదిలాం. అమ్మ పొయ్యి దగ్గరే కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. నాయనమ్మ మాత్రం రెండు సున్నుండలు డబ్బాలో ఉంచి, "జల్దీ పోయి మీ అత్తకిచ్చి రా, దాని నోరు మూతపడ్తది" అన్నది. నేను వాడ పొడుగునా పరిగెత్తాను.

ఇప్పుడు ఖమ్మంలో ఒక దవాఖానాలో ల్యాబు ఉద్యోగం చేస్తున్నాను. మొదటి జీతాల్లోంచి ఇంటికి ఒక ఫ్రిజ్ కొన్నాను. డజను స్టీలు గ్లాసులు కొని, వాటి మీద ఇంటిపేరు కాకుండా నాయనమ్మ పేరే చెక్కించాను. మొన్న సెలవు పెట్టి ఊరెళితే ఇంట్లో గ్లాసులు లేవు. ఫ్రిజ్ ఉండాల్సిన చోట గోడ మీద నలుచదరపు మరక ఒక్కటే ఉంది. "నాయనమ్మా, ఫ్రిజ్ ఏది?" అన్నాను. ఆమెకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినబడవు గానీ ఇలాంటివి బాగానే వినిపిస్తాయి. "ఎనక ఇంటోళ్ల పిల్లకు ఫీజు ఇస్తమని ఎవలో చూడనీకి వస్తున్రట. బోసి ఇల్లు ఏం చూపెడ్తరని పంపిన" అన్నది.

"ఇంత జరిగినంక గూడ నీకు బుద్ధి రాలేదా?" అంటూ చెప్పులేసుకుని పరిగెత్తాను. ఆ ఇంట్లో నా ఫ్రిజ్ మీద చెయ్యి వేసి ఒక పిల్ల నిలబడి ఉంది. పన్నెండు, పదమూడేళ్లుంటాయి. కొత్త గౌను, ఆమెది కాదని భుజాల దగ్గరే తెలుస్తోంది. పిలిస్తే తల తిప్పలేదు, మొత్తం మనిషి తిరిగింది. వచ్చేవాళ్లు ఇంకా రాలేదని తెలిసి నా ప్రాణం కుదుటపడింది. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు ఏది అడిగినా ఏమని చెప్పాలో, ఎందుకు చెప్పాలో చెవిలో చెప్పాను. శ్రద్ధగా వింది. అంతా విని, "సరే గని అక్కా, వాళ్లు ఎండల పడి వస్తరు గద, చల్లటి నీళ్లు అన్న ఇయ్యొద్దా?" అని అడిగింది.

ఆ పిల్ల ఫ్రిజ్ తెరిచి నాకే ముందుగా నీళ్లిచ్చింది. గ్లాసు అంచు మీద నాయనమ్మ పేరు చూసుకుని, చల్లగా తాగాను.